ఎక్కించడానికున్న శ్రద్ధ దించడానికేదీ?

చిక్కబళ్లాపురం దగ్గరి పేరేసంద్ర మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి వెళితే కాసేపటికే దేవనహళ్లి విమానాశ్రయం వస్తుంది. ఉత్తరానికి తిరిగి బాగేపల్లి, అనంతపురం, కర్నూలు దాటుకుంటూ పోతే శంషాబాద్ విమానాశ్రయం వస్తుంది. 2024 జూలై 19న ఈ రెండు చోట్లా ప్రయాణికులు ఒకే రకం ఇబ్బందిలో పడ్డారు. దేవనహళ్లిలో ఉదయం 10:40 నుంచి కొన్ని విమాన సంస్థల చెక్-ఇన్ వ్యవస్థ మొరాయించింది. శంషాబాద్‌లో కౌంటరు సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు, ఆ చేతిరాత కాగితం ఫొటో దేశమంతా చక్కర్లు కొట్టింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక చిన్న ఫైలు ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా విండోస్ యంత్రాలను పడగొట్టింది. మన గడియారం ప్రకారం ఉదయం 9:39కి అది బయలుదేరింది, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ 78 నిమిషాల్లో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం, 85 లక్షల యంత్రాలు నీలితెర చూపించి కూలిపోయాయి. చేతికి అందినవి 20 విలువలైతే, ఆ సాఫ్ట్‌వేర్ 21వ దాని కోసం వెతికి, తనది కాని మెమరీలో చెయ్యి పెట్టింది. అంతే తప్పు.

ఆ తర్వాత జరిగిన చర్చ అంతా ఆ ఫైలు పరీక్షలు దాటుకుని ఎలా బయటికి వచ్చిందన్న దాని చుట్టూనే తిరిగింది. నాకు మాత్రం కథలో రెండో సగమే పెద్దదిగా కనిపిస్తుంది. 10:57కి ఫైలు వెనక్కి తీసుకున్నాక కూడా పడిపోయిన యంత్రాలు లేవలేదు. ఆ భద్రతా సాఫ్ట్‌వేర్ యంత్రం లేచీ లేవగానే, ఇంటర్నెట్ అందకముందే, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో ఎక్కి కూర్చుంటుంది. సరిచేసిన ఫైలు వచ్చేలోపే యంత్రం మళ్లీ కూలుతుంది. అజ్యూర్ క్లౌడ్‌లో ఉన్న యంత్రాలను పదిహేనుసార్ల దాకా రీస్టార్ట్ చేసి చూడమని మైక్రోసాఫ్ట్ చెప్పిందంటే, ఎప్పుడో ఒకసారి కొత్త ఫైలు ముందుగా చేరకపోతుందా అన్న ఆశతోనే. మిగతా చోట్ల మనుషులు ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లి, సేఫ్ మోడ్‌లో తెరిచి, ఆ ఫైలును చేత్తో తుడిచారు. డిస్కుకు తాళం వేసి ఉంటే పొడవాటి రికవరీ సంఖ్య వెతికి టైపు చేశారు. డెల్టా అనే అమెరికా విమాన సంస్థ తేరుకునేలోపు అయిదు రోజుల్లో దాదాపు 7,000 విమానాలు రద్దయ్యాయి. సేఫ్ మోడ్ అంటే ఏమిటి? ఆ భద్రతా సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌కు అతికించే ముక్క, అంటే దాని మాడ్యూల్, ఎక్కకుండా యంత్రాన్ని లేపడం. దించే దారి లేక, ఎక్కకుండా ఆపే దారిని వెతుక్కున్నారన్నమాట. సూటిగా చెప్పాలంటే ఇది మాడ్యూల్ దించేటప్పుడు జరిగిన ప్రమాదం కాదు. కానీ ఆ ప్రమాదానికీ దీనికీ వేరు ఒకటే. కెర్నెల్‌లోకి పోయే సాఫ్ట్‌వేర్‌ను రాసేవాళ్లూ కొనేవాళ్లూ ఎక్కించడం మీద పెట్టే శ్రద్ధలో సగమైనా దించడం మీద పెట్టడం లేదు. దించేటప్పుడు ఎందుకు కూలుతుందో, కూలకుండా ఏం చేయాలో ఇరవై ఏళ్లకు పైగా తెలిసి ఉండగా ఇలా జరుగుతుండటమే నా ఫిర్యాదు.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్ని అధికారాలూ చేతిలో ఉన్న భాగం. మెమరీ, డిస్కు, నెట్‌వర్కు అన్నీ దాని పాలనలోనే. మామూలు ప్రోగ్రాము కూలితే కెర్నెల్ దాని చెత్త ఊడ్చి, మెమరీ వెనక్కి తీసుకుని, మిగతా పనులు నడిపిస్తుంది. కెర్నెల్ లోపలే ఏదైనా కూలితే ఊడ్చేవాళ్లు ఎవరూ ఉండరు. మాడ్యూల్ అన్నది యంత్రం నడుస్తుండగానే కెర్నెల్‌కు అతికించే ముక్క. ప్రింటరుకో, వైఫై కార్డుకో, కొత్త రకం డిస్కుకో, భద్రతా నిఘాకో అవసరమైన కోడ్ అది. ఎక్కగానే అది కెర్నెల్‌కు తన చిరునామాలు పంచిపెడుతుంది. ఈ పరికరం నుంచి సంకేతం వస్తే ఇక్కడికి రా, ఈ ఫైలు తెరిస్తే అక్కడికి రా, అయిదు సెకన్లయ్యాక ఇంకోచోటికి రా. దించడమంటే ఆ చిరునామాలన్నీ ఒక్కటీ వదలకుండా వెనక్కి తీసుకోవడం. వందలో తొంభై తొమ్మిది తీసుకుని ఒకటి మరిచిపోతే, కెర్నెల్ ఏదో ఒక క్షణాన ఆ చిరునామాకు దూకుతుంది. అక్కడ ఉండేది ఖాళీ మెమరీ, లేదా ఈలోపు అక్కడ చేరిన ఇంకెవరిదో డేటా. ఆ దూకడం దించిన వెంటనే జరగాలని లేదు, అర నిమిషం తర్వాతో, గంట తర్వాతో జరగొచ్చు. అందుకే తప్పు చేసిన మాడ్యూల్ తప్పించుకుని, ఆ సమయానికి పని చేస్తున్న అమాయకపు ప్రోగ్రాము మీద నింద పడుతుంది. దిగిపోయిన మాడ్యూల్ మీద అనుమానం ఎంత పాతదో తెలియాలంటే క్రాష్ రిపోర్టులు చూడాలి. లైనక్స్ కెర్నెల్ కూలేటప్పుడు, ఎక్కి ఉన్న మాడ్యూళ్ల పేర్లతో పాటు చివరగా దిగిపోయిన దాని పేరు కూడా ముద్రిస్తుంది. విండోస్ ఈ మధ్య దిగిపోయిన డ్రైవర్ల జాబితా ఒకటి దాచుకుంటుంది. పెండింగ్ పనులు రద్దు చేయకుండా దిగిపోయిన డ్రైవర్ కోసం విండోస్‌లో ప్రత్యేకంగా ఒక నీలితెర కోడే ఉంది, సున్నా ఎక్స్ సీఈ. అరుదుగా జరిగే పొరపాటుకు ఇన్ని ఏర్పాట్లు ఎవరూ చేయరు.

పెళ్లి పందిరి విప్పడం ఎలాగో అందరికీ తెలుసు. బంతి సాగుతుండగా గుంజలు పీకరు. మొదట కొత్తవాళ్లను కూర్చోనివ్వకుండా ఆపుతారు, కూర్చున్నవాళ్లు లేచేదాకా ఆగుతారు, సాయంత్రం రమ్మని పిలిచినవాళ్లు ఎవరైనా మిగిలారేమో కనుక్కుంటారు, ఆ తర్వాతే తాడు విప్పుతారు. మాడ్యూల్ దించడంలోనూ ఈ వరుసే ఉంది, మూడో మెట్టు దగ్గరే ఎక్కువమంది జారుతున్నారు. కొత్త పిలుపులు రాకుండా రిజిస్ట్రేషన్ రద్దు చేయడం దాదాపు అందరికీ గుర్తుంటుంది. ఇప్పుడు లోపల ఎవరున్నారో లెక్క చూడటం కెర్నెలే చాలావరకు చేసిపెడుతుంది. ఇంకా మొదలుకాని పనులు మాత్రం ఏ లెక్కలోనూ కనిపించవు. మోగాల్సిన టైమర్, వర్క్‌క్యూలో వరుసలో నిలబడ్డ పని, నిద్రపోతున్న కెర్నెల్ త్రెడ్, ఇవన్నీ మాడ్యూల్ రాసినవాళ్లే గుర్తు పెట్టుకుని ఆపాలి. ఊరికే ఆపడం కూడా చాలదు. టైమర్‌ను రద్దు చేసే క్షణానికే అది వేరే ప్రాసెసర్ మీద మోగుతూ ఉండొచ్చు, కాబట్టి మోగడం పూర్తయ్యేదాకా వేచి ఉండే రకం రద్దు కావాలి. అదీ అయ్యాక మాడ్యూల్‌లోని ఇంకో మూల ఆ టైమర్‌ను మళ్లీ పెడితే కథ మొదటికొస్తుంది. ఒకసారి మూసిన టైమర్‌ను ఎవరూ మళ్లీ పెట్టలేని ఏర్పాటు లైనక్స్‌లోకి వచ్చింది మొన్నమొన్ననే, 6.2 వెర్షన్‌తో, 2023లో.

లోపల ఎవరున్నారో లెక్కపెట్టడం కూడా మొదటినుంచీ సరిగా లేదు. తొలినాళ్ల లైనక్స్‌లో ఆ లెక్క పెంచే పని మాడ్యూల్ కోడే చేసుకునేది. లోపలికి అడుగుపెట్టిన తర్వాత, లెక్క ఒకటి పెంచేలోపు, ఒక సన్నని సందు ఉంది. ఆ సందులో దించే ఆదేశం వస్తే లెక్క సున్నా అని చూపిస్తుంది, లోపల మాత్రం ఒకరుంటారు. పని ముగిసి లెక్క తగ్గించిన తర్వాత, గడప దాటేలోపు, ఇంకో సందు. 2001లో వచ్చిన 2.4 వెర్షన్ నాటికి ఆ లెక్కను మాడ్యూల్ చేతిలోంచి తీసి, దాన్ని పిలిచే కెర్నెల్ భాగాలకు అప్పగించారు. తన ఇంట్లో ఎవరున్నారో ఆ ఇంటి గోడే చెప్పలేదని తేలడానికి అన్నేళ్లు పట్టింది. 2002లో ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రస్సెల్ మాడ్యూల్ వ్యవస్థనంతా తిరగరాశాడు. ఆ రాతలో ఇంకో మంచి కట్టుబాటు స్థిరపడింది. దిగిపోవడం మొదలైన మాడ్యూల్‌ను ఎవరైనా వాడబోతే కెర్నెల్ వాళ్లకు కాదని చెబుతుంది, వాళ్లు ఆ జవాబును ఒప్పుకునే పద్ధతిలోనే కోడ్ రాయాలి. కాదనే జవాబును పట్టించుకోనివాళ్ల వల్ల కూడా ప్రమాదాలు వచ్చాయి, ఇప్పటికీ వస్తున్నాయి.

ఈ చరిత్రలో మనకు అతి దగ్గరి అధ్యాయం బెంగళూరుది. ఆర్‌సీయూ అనే పద్ధతి ఒకటుంది. చదివేవాళ్లు తాళం వేయనక్కర లేదు, లెక్క పెంచనక్కర లేదు, తమ పని తాము చూసుకుని పోతారు. తీసేసేవాళ్లు మాత్రం, తాము మొదలుపెట్టే నాటికే లోపల ఉన్న చదువరులందరూ బయటపడేదాకా ఆగి, అప్పుడు తీస్తారు. సీక్వెంట్ అనే కంపెనీలో పాల్ మెకెన్నీ తదితరులు 1990లలో దీన్ని తీర్చిదిద్దారు, ఆ కంపెనీని 1999లో ఐబిఎం కొనేసింది. 2001లో ఒట్టావా లైనక్స్ సదస్సుకు దీని మీద సమర్పించిన పత్రం మీద మెకెన్నీ, రస్టీ రస్సెల్ వంటి వారితో పాటు బెంగళూరు ఐబిఎంలో పనిచేసిన దీపాంకర్ శర్మ పేరూ ఉంది. 2002 అక్టోబరులో వచ్చిన 2.5.43లో ఆర్‌సీయూ లైనక్స్‌లో చేరింది శర్మ పంపిన ప్యాచ్‌తోనే. అసలు ముచ్చట ఆ తర్వాతిది. ఆర్‌సీయూలో ఇంకో సదుపాయం ఉంది. నేను ఆగలేను, చదువరులందరూ వెళ్లాక ఈ పని చేసిపెట్టు అని ఒక ఫంక్షన్ పేరు రాసిచ్చి వెళ్లిపోవచ్చు. ఆ ఫంక్షన్ మాడ్యూల్ లోపలిదైతే, దాని వంతు రాకముందే మాడ్యూల్ దిగిపోతే, పైన చెప్పిన ఖాళీ చిరునామాయే ఎదురవుతుంది. చదువరుల కోసం ఆగడం వేరు, రాసిచ్చిన పనులు పూర్తయ్యేదాకా ఆగడం వేరు. ఈ రెండో ఆగడానికి ఆర్‌సీయూ బ్యారియర్ అనే ఏర్పాటు ఉంది. అది మాడ్యూళ్ల కోసం పుట్టలేదు. నికితా డానిలోవ్ అనే డెవలపర్ తన ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసేటప్పుడు ఇదే చిక్కులో పడితే, దీపాంకర్ శర్మ దాన్ని రాసిచ్చాడు. చాలాకాలం తర్వాత మెకెన్నీ, ఆర్‌సీయూను పరీక్షించే తన మాడ్యూల్‌ను దించేటప్పుడు అదే గోతిలో పడి, శర్మ రాసినదే తనకూ పనికొస్తుందని గుర్తించాడు. ఆ సంగతి కెర్నెల్ పత్రాల్లో మెకెన్నీయే రాసిపెట్టాడు. ఆర్‌సీయూలో తలపండినవాడికే దించేటప్పటి చిక్కు అంత ఆలస్యంగా కనబడిందంటే, గడువు ముంచుకొస్తున్న డ్రైవర్ రచయిత సంగతి చెప్పాలా?

దీనికి మొదటి అభ్యంతరం సూటిగా ఉంటుంది. అసలు దించడమెందుకు? రీస్టార్ట్ చేస్తే పోదా? ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. 2002 నాటి కెర్నెల్ డెవలపర్ల సమావేశంలోనే దించే సదుపాయాన్ని ఎత్తేద్దామన్న ఆలోచన చర్చకు వచ్చింది. నేటికీ లైనక్స్ కెర్నెల్‌ను దించే వీలు లేకుండా కట్టుకోవచ్చు. విండోస్‌లో దిగిపోయే ఫంక్షన్ ఇవ్వని డ్రైవర్, లైనక్స్‌లో నిష్క్రమణ ఫంక్షన్ రాయని మాడ్యూల్, యంత్రం ఆగేదాకా అక్కడే ఉంటాయి. దిగడం సరిగ్గా చేతకానప్పుడు, దిగను అని ముందే ప్రకటించడం నిజాయితీ గల పని, దాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ ఆ ప్రకటనతో కష్టం తీరిపోదు. యూఎస్‌బీకి పెట్టిన పరికరాన్ని ఎవరో లాగేస్తారు, ల్యాప్‌టాప్ నిద్రలోకి పోతుంది, సర్వర్‌లో పాడైన డిస్కును నడుస్తుండగానే మారుస్తారు. మాడ్యూల్ దిగకపోయినా, దాని చేతిలోని పరికరం మాయమైన ప్రతిసారీ అదే విప్పే పని, అదే వరుసలో జరగాలి. దించే దారిని పరీక్షించని మాడ్యూల్ ఈ దారిలోనూ జారుతుంది. పైగా రీస్టార్ట్ ఖరీదు అందరికీ ఒకటి కాదు. ఇంట్లో ల్యాప్‌టాప్‌కు రెండు నిమిషాలు. ఒక సర్వర్ మీద వందల సంస్థల పని నడిచే చోట, ఆసుపత్రి ఐసీయూ పక్కన, అది వేరే లెక్క. చివరి మాట, జూలై 19న యంత్రాలన్నీ రీస్టార్ట్ అవుతూనే ఉన్నాయి కదా.

రెండో అభ్యంతరం ఆచరణ తెలిసినవాళ్లది. ఎవరో వాడుతున్నారని మాడ్యూల్ దిగనంటుంది, లేదా దిగుతూ దిగుతూ మధ్యలో బిగుసుకుపోతుంది. లైనక్స్‌లో నెట్‌వర్కు పరికరాన్ని తొలగించేటప్పుడు, ఇది ఖాళీ అయ్యేదాకా ఆగుతున్నాను, ఇంకా ఒకరు వాడుతున్నారు అన్న సందేశం ప్రతి పది సెకన్లకూ పడుతూనే ఉండటం కంటైనర్లు నడిపేవాళ్లందరికీ పరిచయమే. ఇలా అంతులేకుండా ఆగడం కంటే బలవంతంగా పీకేయడం మేలు కదా అంటారు. బలవంతపు దింపుడు లైనక్స్‌లో ఉంది. అది అత్యంత ప్రమాదకరమని ఆ ఆదేశం సహాయ పత్రంలోనే రాసి ఉంది, వాడితే కెర్నెల్ తన మీద తానే కళంకం ముద్ర వేసుకుంటుంది, ఆ తర్వాత వచ్చే క్రాష్ రిపోర్టులను డెవలపర్లు పట్టించుకోరు. నేను బిగుసుకుపోవడం పక్షమే వహిస్తాను. బిగుసుకున్న యంత్రంలో డిస్కు మీది డేటా క్షేమంగా ఉంటుంది, లాగ్ చదవొచ్చు, ఎవరు పట్టుకుని కూర్చున్నారో వెతకొచ్చు, తీరుబడి చూసుకుని రీస్టార్ట్ చేసుకోవచ్చు. పీకేసిన యంత్రం ఎప్పుడు, ఎవరి డేటా మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు. అయితే బిగుసుకున్నది ఎందుకో చెప్పకపోవడం కూడా తప్పే. ఎవరో ఒకరు వాడుతున్నారని చెప్పి, ఆ ఒకరెవరో చెప్పని సందేశం సగం సందేశమే.

మూడో మాట అభ్యంతరం కాదు, ప్రత్యామ్నాయం. ఈ సాఫ్ట్‌వేర్లను కెర్నెల్ నుంచే బయటికి పంపేద్దాం. ఆపిల్ 2019లోనే ఆ దారి పట్టింది, భద్రతా సాఫ్ట్‌వేర్లకు కెర్నెల్ బయట చోటిచ్చి పాత పద్ధతిని క్రమంగా మూసేస్తోంది. హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్ కూడా జూలై దెబ్బ తర్వాత అటే మళ్లింది, 2024 నవంబరులో ప్రణాళిక ప్రకటించింది. లైనక్స్‌లో ఈబీపీఎఫ్ 2014 నుంచీ ఉంది. అందులో రాసిన ప్రోగ్రామును కెర్నెల్ ముందుగా తనిఖీ చేశాకే నడవనిస్తుంది, పట్టుకున్న చివరి చెయ్యి వదలగానే దాన్ని తానే తొలగిస్తుంది. ఆ తొలగింపులో ఆర్‌సీయూ పద్ధతిలో చదువరులందరూ వెళ్లేదాకా ఆగుతుంది కూడా. ఇది సరైన దారే, భద్రతా సాఫ్ట్‌వేర్లకు తప్పనిసరి కావాలి. కానీ డిస్కు, నెట్‌వర్కు, గ్రాఫిక్స్ డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లోనే ఉంటాయి, వేగం కోసమైనా ఉండక తప్పదు. రస్ట్ భాషలో రాస్తే విప్పే పని కొంత కంపైలరే చూసుకుంటుందన్నదీ నిజమే, 2022 చివర్లో లైనక్స్ దానికి తలుపు తెరిచింది. ఉన్న కోట్ల వరుసల సీ కోడ్ మాత్రం ఇంకా చాలా ఏళ్లు మనతోనే ఉంటుంది.

కాబట్టి పని కొనేవాళ్ల దగ్గర మొదలుకావాలి. జూలై 19న మన దేశంలో పది బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు స్వల్ప అంతరాయం కలిగిందని రిజర్వు బ్యాంకు చెప్పింది, ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆ రోజే సూచనలు జారీ చేసింది. ఇంతటితో గండం గడిచిందనుకోవడం పొరపాటు. కెర్నెల్‌లోకి పోయే సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ సంస్థలు, విమానాశ్రయాలు, ఆసుపత్రులు టెండరు పెట్టి కొంటున్నాయి. ఆ పత్రాల్లో ఎంత వేగం, ఎంత ధర, ఎన్నేళ్ల మద్దతు అని ఉన్నట్టే, యంత్రం నడుస్తుండగా ఇది దిగుతుందా, దిగకపోతే ఆ మాట రాసిస్తారా, ఇది ఎక్కీ ఎక్కగానే యంత్రం కూలితే రెండోసారి తనంతట తాను పక్కకు తప్పుకుంటుందా అని కూడా అడగాలి. ఖర్చు పెరుగుతుందంటారు, కొంచెం పెరుగుతుంది కూడా.

చదువులోనూ ఒక మార్పు కావాలి. ఇంజనీరింగ్ విద్యార్థికి మాడ్యూల్ అనగానే చూపించే తొలి పాఠం ఎక్కగానే ఒక పలకరింపు, దిగేటప్పుడు ఒక వీడ్కోలు ముద్రించేది. అది కెర్నెల్‌లో ఎవరికీ చిరునామా ఇవ్వదు, ఏ టైమరూ పెట్టదు, కాబట్టి ఎన్నిసార్లు దించినా ఏమీ కాదు. దించడం అంటే ఏమీ లేదన్న నమ్మకం విద్యార్థికి అక్కడే స్థిరపడిపోతుంది. దాని బదులు, సెకనుకోసారి మోగే ఒక టైమర్, వరుసలో ఒక పని, తెరిచి ఉంచిన ఒక ఫైలు ఉన్న మాడ్యూల్ రాయించాలి. మెమరీ తప్పులు పట్టుకునే పరీక్షా సదుపాయాలు కెర్నెల్‌లోనే ఉన్నాయి, వాటిని తెరవాలి. ఆ మాడ్యూల్‌ను ఒక చిన్న స్క్రిప్టుతో వెయ్యిసార్లు ఎక్కించి దించాలి, పక్కన ఇంకో స్క్రిప్టు ఆ ఫైలును అదే పనిగా తెరుస్తూ మూస్తూ ఉండాలి. చిక్కబళ్లాపురంలోనో చింతామణిలోనో ల్యాబులో మూలపడ్డ పాత కంప్యూటరు ఇందుకు చాలు, రాత్రి నడవడానికి వదిలేస్తే తెల్లారేసరికి క్రాష్ రిపోర్టులో ఏ వరుస తప్పో కనిపిస్తుంది.